అమ్మ ముక్కు, మామయ్య పడవ

అమ్మ ముక్కు పోయిన సంగతి మాకు వంటింట్లో బయటపడింది. జ్వరం తగ్గి, లేచి తిరుగుతున్న రోజులు. నేను ఉద్యోగం నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే మాడు వాసన గుప్పుమంది. లోపలికి పరిగెత్తాను. మూత పెట్టిన గిన్నెలో కూర అడుగంటి బొగ్గవుతోంది. పొయ్యికి వీపు పెట్టి, పీట మీద కూర్చుని, అమ్మ నింపాదిగా ఉల్లిపాయలు తరుగుతోంది.

"మాడిపోతోందమ్మా!"

"ఏం మాడుతోంది?" అంది.

అనేసి ఆగిపోయింది. చేతిలో ఉన్న ఉల్లిపాయ ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత వెల్లుల్లి రెబ్బ నలిపి చూసింది. తర్వాత లేచి వెళ్ళి కిరసనాయిలు సీసా మూత తీసింది. అప్పటి ఆవిడ మొహం చూడలేక నేను పొయ్యి ఆర్పే పని పెట్టుకున్నాను.

జ్వరాల్లో ఒక్కోసారి ఇలా అవుతుందన్నాడు డాక్టరు. తిరిగి రావచ్చట, రాకపోవచ్చట.

ఇంకెవరికైనా అయితే ఇది సర్దుకుపోయే నష్టం. మా అమ్మ చేపలమ్ముతుంది. నాన్న పోయాక మమ్మల్ని నిలబెట్టింది చేపల బజారులోని ఆ సిమెంటు గట్టే. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటిదాన్ని నేను. ఇప్పుడు ఊరికి సరఫరా అయ్యే మంచినీళ్ళు పరీక్షించే చోట పనిచేస్తున్నానంటే అదంతా ఆ గట్టు చలవే. ఆ గట్టు నిలిచింది అమ్మ ముక్కు మీద. చేప తూచే ముందు, దాని మొప్ప పైకెత్తి, ఒక్కసారి ఊపిరి లోపలికి తీసుకుని చూస్తుంది. బాగుంటే తలాడిస్తుంది. లేకపోతే ఎంత పెద్ద చేపైనా పక్కన పడేస్తుంది. కొనేవాళ్ళు చేప వంక చూడరు, అమ్మ తల వంక చూస్తారు.

ఆ తలాడింపు ఇప్పుడు ఉత్త నటన అయిపోయింది. కంటితో, వేలితో తెలిసినంత వరకే తెలుస్తోంది. పొద్దున్నే సరుకు కొనే వేలంలో, అనుమానం వచ్చినదాన్ని వదిలేస్తోంది. రోజురోజుకీ అనుమానాలు పెరిగి గట్టు మీద సరుకు తరిగిపోయింది.

"మానేస్తానే," అంది ఒకరోజు అన్నం కలుపుతూ. "కన్ను మసకేస్తే చెయ్యి తడుముకుంటుంది. ముక్కు పోతే దేంతో తడుముకోను? ఎవరింట్లోనైనా ఓ పసిదానికి కడుపునొప్పి వచ్చిందనుకో, ఆ తర్వాత నాకు ముద్ద దిగుతుందా?"

"ఎవరికైనా చెప్పి, కాస్త వాసన చూసి పెట్టమంటే?"

"ఎవరికి? పక్క గట్టు మహాతల్లికా? ఇంకేం, మర్నాటికి సముద్రంలో చేపలక్కూడా తెలిసిపోతుంది."

పక్క గట్టు ఆవిడను బజారంతా మైకత్త అంటారు. ఆవిడ గొంతు విప్పితే బజారు ఆ చివర గంపల కింద కోళ్ళు ఉలిక్కిపడతాయని మా మామయ్య అంటాడు. ఆవిడకీ అమ్మకీ రోజూ ఏదో ఒకటి. నీ గట్టు నీళ్ళు నా గట్టు మీదకి కారుతున్నాయని ఒకరు, నీ గంప నా దారిలో ఉందని ఇంకొకరు. పైగా "వదినా" అంటే "వదినా" అనుకుంటూనే తిట్టుకుంటారు.

"ఈమధ్య మరీ పెట్రేగిపోతోంది," అంది అమ్మ. "వేలం దగ్గర ఊరికే ఎవరో ఒకరి మీద పడి అరుస్తుంది. ఆ గోల పడలేక నేనే దూరంగా పోయి వేరే బుట్టలు పాడుకుంటున్నా."

తన ముక్కు సంగతి నాకూ మామయ్యకూ తప్ప మరో ప్రాణికి తెలియకూడదని మా చేత ఒట్టు వేయించుకుంది.

బతికున్న చేపకు వాసన చూడక్కర్లేదు కదా అని నాకు తట్టింది బస్సులో. పెద్ద బజారులో ఒక కొట్టు ముందు అద్దాల తొట్టిలో చేపలు ఈదుతున్నాయి. కొనేవాళ్ళు వేలు పెట్టి చూపిస్తున్నారు, కొట్టువాడు వలగరిటెతో తీసి ఇస్తున్నాడు. అక్కడ ఎవరూ ఎవరి ముక్కునూ అడగడం లేదు.

మామయ్యది చిన్న ఫైబరు పడవ. అమ్మకు తమ్ముడు. నది సముద్రంలో కలిసేచోట గాలం వేసి పండుగప్పలు పడతాడు. ఒక్కొక్కటిగా, దెబ్బ తగలకుండా పైకి వస్తాయి. కాని వచ్చినది వచ్చినట్టు ఐసు పెట్టెలోకి పోతుంది. ఆ ఐసు పెట్టె స్థానంలో నీళ్ళ తొట్టి పెట్టి, పడవ తిరుగుతున్నంతసేపూ కిందనుంచి కొత్త నీళ్ళు తోడుతూ, పాత నీళ్ళు బయటకు పోయేట్టు చేస్తే చేపలు బతికే రేవుకు వస్తాయి. ఇదే మామయ్యకు చెప్పాను.

"కిందనుంచి అంటే?"

"పడవ అడుగున, వెనకవైపు, ఓ బెజ్జం పెట్టి..."

మామయ్య తింటున్న పళ్ళెం పక్కన పెట్టాడు. "పడవకి చిల్లు పెట్టడానికటే డిగ్రీ, మీ అమ్మ నిన్ను అంత చదువు చదివించింది?"

నాకు పేరుంది. మామయ్య నోట్లో మాత్రం నేను డిగ్రీనే.

"చిల్లు కాదు మామయ్యా, తూము. దానికి వాల్వు ఉంటుంది, మూసుకోవచ్చు."

"నీళ్ళు రాకుండా చూసుకోవడానికి నేను ఇన్నేళ్ళు తంటాలు పడుతుంటే, రమ్మని తలుపు పెట్టిస్తానంటావ్!"

కాని మర్నాడు పొద్దున్నే పడవను దుంగల మీదకు లాగించి బోర్లించాడు. అక్క కోసమని చెప్పలేదు. అడుగున నాచు గీకాలన్నాడు.

నేను ఇంజనీరును కాను. నీళ్ళలో ఏముందో చెప్పగలను కాని నీళ్ళను పైకి ఎక్కించడం నాకు చేతకాదు. అందుకని మా వీధిలో డాబాల మీద ట్యాంకులు బిగించే పెద్దాయనను అడిగాను. అందరికీ ఆయన ట్యాంకుల బాబాయ్. పడవ ఎన్నడూ ఎక్కనివాడు, ఈత రానివాడు. అయినా సంచిలో పానాలు సర్దుకుని వచ్చేశాడు.

"మీ అమ్మ ఇచ్చిన చేప ముల్లు గుచ్చుకోవడం తప్ప ఇంకో రకంగా నన్నెప్పుడూ బాధపెట్టలేదమ్మా," అన్నాడు. "పద, ఆ పడవేదో చూద్దాం."

తొట్టికి ఆయన పలకలతో చదరంగా పెట్టె కడదామన్నాడు. చదరమైతే చేపలన్నీ పోయి మూలల్లో కుక్కుకుని మూతులు కొట్టుకుంటాయని మామయ్య అడ్డం తిరిగాడు. చివరకు ఒక నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము తెచ్చి పైభాగం కోయించాం. గుండ్రటి దాంట్లో నీళ్ళు కూడా చక్కగా తిరుగుతాయి. అంచుల గరుకును నేను ఇసుక కాగితం పెట్టి రుద్దాను.

ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి పంచాయితీ. వెనక పెడితే తనకు చేతికందుతుందన్నాడు మామయ్య. వెనక ఇంజనుంది, మామయ్య ఉన్నాడు, వాళ్ళకి తోడు డ్రమ్మెడు నీళ్ళు. పడవ ముక్కు ఆకాశం చూస్తుందన్నాను. నమ్మలేదు. రేవులో నీళ్ళ మీద పెట్టి, డ్రమ్ము నింపి, ఎక్కి కూర్చున్నాడు. ముందు భాగం అలాగే లేచింది. ట్యాంకుల బాబాయ్ ఒడ్డు మీద ఆపుకోలేక నవ్వాడు. డ్రమ్మును పడవ నడిమికి జరపాల్సి వచ్చింది. అది మామయ్య కూర్చుని అన్నం తినే చోటు.

"నా సింహాసనం కూడా పోయింది," అన్నాడు. అన్నాక తనే డ్రమ్ము కింద రబ్బరు పట్టా పరిచి, కదలకుండా నాలుగు పక్కలా చెక్కలు కొట్టాడు.

బెజ్జం వేసే రోజు పడవను మళ్ళీ ఒడ్డుకు లాగి పక్కకు ఒరిగించాక మామయ్య రేవు గోడ అవతలికి వెళ్ళిపోయాడు. చుట్టూ రంపపు పళ్ళున్న గిన్నెలాంటి బిట్టును బాబాయ్ డ్రిల్లుకు బిగించాడు. నేను గుర్తు పెట్టిన చోట ఆనించాడు. గర్రుమని శబ్దం లేచింది. గోడ అవతలనుంచి, "అయిందా?" అని కేక. ఫైబరు పొడి నా చేతుల మీద మంచులా రాలింది. "అయిందా?" అని మళ్ళీ. బిళ్ళ ఊడి బాబాయ్ అరచేతిలో పడింది. పడవకు అవతలి పక్క ఉన్న ఇసుక ఆ గుండ్రటి కంతలోంచి కనిపించింది. నిజం చెప్పొద్దూ, నాకూ గోడ అవతలికి వెళ్ళిపోవాలనిపించింది.

ఆ కంతకు బయటవైపు చెత్త రాకుండా జల్లెడ మూత, లోపలివైపు వాల్వు, వాల్వుకు పంపు. పంపు బ్యాటరీతో నడుస్తుంది. దాన్నుంచి గొట్టం పైకి వెళ్ళి, డ్రమ్ము అంచున వంపు తిరిగి, చివర చిన్నచిన్న బెజ్జాలున్న ముక్కతో ముగుస్తుంది. నీళ్ళు వానలా పడాలి. పడుతూ గాలిని వెంట తీసుకుని దిగాలి. చేపలకు కావలసింది ఆ గాలే. కంత చుట్టూ నీళ్ళు కారకుండా పట్టే సీలెంటును బాబాయ్ వేలితో తిప్పితిప్పి రాశాడు. పక్కన నిలబడి మామయ్య, "ఇంకొంచెం... ఇంకొంచెం..." అంటూనే ఉన్నాడు. ఎంత రాశామంటే నా చీర కొంగుకు కూడా అంటుకుని ఈరోజుకీ పోలేదు.

ఒక్కచోట బాబాయ్ బోల్తాపడ్డాడు. పంపు వేసి చూస్తే డ్రమ్ము సగం దాటాక నీళ్ళు రావడం ఆగిపోయింది. తీసి చూద్దుము కదా, గొట్టం చివర, ఇంటి ట్యాంకులో పెట్టే తేలుడు బంతి. నీళ్ళు నిండగానే పైకి లేచి తూము మూసే బంతి.

"ఇదెందుకు పెట్టావ్ బాబాయ్?"

"పెట్టకపోతే? నిండాక కూడా నీళ్ళు పోతూనే ఉంటే వీధి వీధంతా తిడుతుంది."

"ఇక్కడ వీధి లేదు బాబాయ్. నీళ్ళు ఆగితే చేపలు చస్తాయి. పొంగిపోతూనే ఉండాలి."

 "జన్మంతా నీళ్ళు పొంగకుండా ఆపడమే నా పని. పొంగించమని అడిగినవాళ్ళు మీరే మొదలు," అని బంతి పీకి సంచిలో వేసుకున్నాడు.

అప్పుడు పొంగింది, ఎక్కువే పొంగింది. నీళ్ళు బయటకు పోవడానికి కూడా, లోపలికి వచ్చే గొట్టమంత సన్నటి గొట్టమే పెట్టాం. వచ్చే నీళ్ళను పంపు తోస్తుంది. పోయే నీళ్ళను తోసేవాళ్ళెవరూ లేరు, వాటంతట అవే నెమ్మదిగా జారుకోవాలి. అవి జారుకునేలోపు డ్రమ్ము అంచులు దాటి పడవలోకి దూకాయి. మామయ్య తువ్వాలు పట్టుకుని అటూ ఇటూ గెంతాడు. ఆ తప్పు తనది కాదని బాబాయ్, నాది కాదని నేను, ఒకరి మీద ఒకరం నెట్టుకోకుండా ఇద్దరం ఒకేసారి "లావు గొట్టం" అన్నాం. లావు గొట్టం వేశాక నీటి మట్టం డ్రమ్ము అంచుకు జానెడు కింద అద్దంలా నిలబడింది. లోపలికి వాన, పక్కనుంచి ధార. ముగ్గురం చూస్తూ నిలబడ్డాం.

"మీ అమ్మకి చెప్పు, ఎప్పుడైనా మంచి తలకాయ దొరికితే నాకోసం పక్కన పెట్టమని," అని ఆయన సైకిలెక్కాడు. అంతకు మించి ఆయన ఏమీ తీసుకోలేదు.

తొట్టి చూడటానికి అమ్మ శనివారం సాయంత్రం వచ్చింది. చేత్తో డ్రమ్ము అంచు నిమిరింది. గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వేలితో వెంబడించింది. "ఇంత పని నా కోసం చేశారా?" అంది. జవాబు చెప్పబోతే, "ఉండు, ఈ డ్రమ్ములో అంతకుముందు ఏం పోశారో ఏమో. చేపలు పెట్టేది కడగొద్దూ?" అని కొంగు దోపుకుంది. నేను రేవులో నీళ్ళు పట్టుకుని పరీక్షించడానికి సీసాలతో అటు వెళ్ళాను. మామయ్య పెట్రోలుకు వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి మూత పెట్టేసిన డ్రమ్ము తళతళలాడుతోంది. అమ్మ మొహం కూడా అలాగే ఉంది. చాలా రోజుల తర్వాత ఆవిడ కూనిరాగం తీయడం విన్నాను.

ఆదివారం పొద్దున గట్టు దగ్గర మందుల షాపాయన ముందే వచ్చి నిలబడ్డాడు. ఆయన భార్యను ఆసుపత్రి నుంచి తీసుకొచ్చారు. తినడానికి ఏదీ సయించడం లేదట, అమ్మ ఇచ్చే చేపతో పెట్టిన చారయితే తాగుతానందట. "రేపు ఈదే చేప ఇస్తానయ్యా మీకు," అని అమ్మ ఆయనకు ముందురోజే మాటిచ్చింది. ఇంకా నలుగురైదుగురు చేరారు. మైకత్త తన గట్టు మీద కత్తి నూరుకుంటూ, "ఏంటి వదినా, ఈరోజు సర్కస్సా?" అంది.

"ఆఁ, నువ్వు కూడా టికెట్టు కొనుక్కో వదినా," అంది అమ్మ.

పడవ ఇంజను చప్పుడు వినగానే అమ్మా నేనూ రేవులోకి దిగాం. మామయ్య తాడు విసరలేదు. ఎప్పుడూ దూరం నుంచే ఏదో ఒక కూత కూసేవాడు, నోరు విప్పలేదు. దగ్గరకు వచ్చాక డ్రమ్ము మూత తీశాడు.

చేపలన్నీ తెల్లటి కడుపులు పైకి పెట్టి ఉన్నాయి. ఒకటి మాత్రం ఇంకా నోరు తెరిచి మూస్తోంది. మేం చూస్తుండగానే అది కూడా ఆగిపోయింది. పంపు ఆడుతూనే ఉంది. వాన పడుతూనే ఉంది. ధార పోతూనే ఉంది.

"వేసినవి వేసినట్టు పక్కకి ఒరిగాయక్కా," అన్నాడు మామయ్య. "నీళ్ళు ఆపలేదు. ఒట్టు. ఒక్క నిమిషం కూడా ఆపలేదు."

"ఊరుకోరా," అంది అమ్మ. "నువ్వేం చేస్తావ్? ఇప్పుడే పోయాయి కదా, ఐసు సరుకు కంటే నయమే." గబగబా నాలుగు చేపలు గంపలో వేసుకుని, తల మీద పెట్టుకుని మెట్లెక్కింది. పైన జనం కనిపెట్టుకుని ఉన్నారు. ఆలస్యమైతే ఇంకా బాగోదు.

నేను పంపు సంగతి చూద్దామని డ్రమ్ములోకి వంగాను. వంగీ వంగగానే తెలిసింది. రోజూ నేను సీసాల్లో కొలిచే వాసనే అది. బ్లీచింగు.

"మామయ్యా, నీకు ఈ వాసన రాలేదా?"

"వచ్చింది. కొత్త గొట్టాలు కదా, గొట్టాల వాసనేమో అనుకున్నా. పైగా వెనక ఇంజను పొగ."

గొట్టం వంపు దగ్గర విప్పితే, కరగని తెల్లటి పొడి గడ్డకట్టి, నీళ్ళు వెళ్ళినప్పుడల్లా కొంచెం కొంచెంగా కరుగుతూ కూర్చుంది. నాకు మొత్తం అర్థమైంది. అమ్మ ప్రతి సాయంత్రం తన గట్టును బ్లీచింగు పొడితో తోముతుంది. తోమాక వాసన పోయేదాకా కడుగుతుంది. ఆవిడకు తెలిసిన కొలత అదొక్కటే. నిన్న గొట్టాల్లోకి కూడా ఆ నీళ్ళు పంపించి ఉంటుంది. కడగడం మొదలుపెట్టే సరికే ఆవిడకు వాసన లేదు. ఇక ఎంతవరకు కడగాలో ఎలా తెలుస్తుంది?

ఆ చేపలు ఎవరి ఇంటికీ వెళ్ళకూడదు. మెట్ల మీద పరిగెత్తాను. పరిగెత్తుతున్నంతసేపూ ఒకటే ఆలోచన. అందరి ముందూ ఎలా చెప్పను? చెప్తే ముక్కు సంగతి బయటపడుతుంది. ఇన్నాళ్ళు దాచుకున్నది నా నోటితోనే పోతుంది. చెప్పకపోతే మందుల షాపాయన భార్య ఆ చారు తాగుతుంది.

నేను గట్టు చేరేసరికి అమ్మ చేతిలో పెద్ద పండుగప్ప ఉంది. మందుల షాపాయన సంచి పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ మొప్ప ఎత్తింది. ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి ఉంది. కన్ను చూసింది, గాజులా మెరుస్తోంది. వేలితో ఒత్తింది, ఒంట్లో ఇంకా బిగువుంది. కన్ను బాగుందంటోంది, మొప్ప కాదంటోంది. అలాంటప్పుడు తీర్పు చెప్పాల్సింది ముక్కు. చేపను ముక్కు దగ్గరకు తీసుకెళ్ళింది. ఊపిరి తీసుకుంది. మళ్ళీ తీసుకుంది. అంతమందీ ఆవిడ తల వంక చూస్తున్నారు.

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు అమ్మే మాట్లాడింది.

"నాకు తెలియట్లేదయ్యా," అంది. చేపను కింద పెట్టింది. "జ్వరం వచ్చిన దగ్గర్నుంచి నాకు వాసన రావట్లేదు. ఇన్నాళ్ళూ ఊరికే తలాడించాను. ఈ చేప మీ ఆవిడకి ఇవ్వను. ఇది మంచిదో కాదో నాకు తెలియదు."

 నేను ముందుకు వచ్చి, "అది పనికిరాదమ్మా. గొట్టంలో బ్లీచింగు మిగిలిపోయింది," అన్నాను. అమ్మ నా వంక చూసింది. మరుక్షణం తన చేతుల వంక చూసుకుంది. ఏ చేతులతో తోమిందో ఆవిడకు గుర్తొచ్చినట్టుంది. గట్టు అంచు పట్టుకుని నెమ్మదిగా కూర్చుండిపోయింది.

అప్పుడు పక్కనుంచి ఉరుము.

"అబ్బో, ఇప్పుడు చెప్పింది కొత్త కబురు! మాకెవరికీ తెలియనట్టు!"

అమ్మ తలెత్తింది. మైకత్త నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"నీకెలా తెలుసు?"

"ఇన్నేళ్ళు నీ పక్కన కూర్చుని నీ మొహం చూస్తున్నదాన్ని, నాకు తెలియదా? మంచి చేపకి నీ ముక్కు ఒకలా ఉంటుంది, పాడు చేపకి మూతి ఈ పక్కకి పోతుంది. జ్వరం తగ్గి వచ్చినప్పటి నుంచి దేనికీ మూతి కదలట్లేదు. వదిన ముక్కు పోయిందిరా దేవుడా అనుకున్నా."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే ఊరుకుంటావా నువ్వు? నీ పొగరు నాకు తెలియదా? అందుకే వేలం దగ్గర నా పని నేను చేసుకున్నా."

"ఏం పని?"

మైకత్త మొదటిసారి కాస్త గొంతు తగ్గించింది. అయినా బజారు సగానికి వినిపించింది. "పాడు బుట్ట ఎక్కడుంటే అక్కడ నిలబడి ఎవరినో ఒకరిని పట్టుకుని తిట్టేదాన్ని. నా నోరంటే నీకు పడదు కదా. చెవులు మూసుకుని అవతలికి పోయేదానివి. మంచి బుట్టల దగ్గర నోరు మూసుకుని ఉండేదాన్ని. నోరు మూసుకోవడం నాకెంత కష్టమో నీకు తెలుసా వదినా?"

ముందు నవ్వింది మందుల షాపాయన. తర్వాత అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కళ్ళు నిండిపోయాయి. ఇన్నాళ్ళూ తన గట్టు మీద ఒక్క చెడ్డ చేప పడకపోవడం తన కంటి చలవేనని, వేలి చలవేనని అనుకుంటూ వచ్చింది. నేనూ అలాగే అనుకున్నాను.

"ఐస్‌ఫ్రూటు బండివాడిని కూడా తిట్టావ్ కదే మొన్న," అంది చివరకు. "వాడేం చేశాడు పాపం?"

"వాడేం చేయలేదు. ఆరోజు పాడు బుట్టలు మూడున్నాయి. మనుషులు సరిపోలేదు."

ఈసారి అమ్మ కూడా నవ్వేసింది.

"నవ్వులు సరే, మరి నాకు చేప?" అన్నాడు మందుల షాపాయన.

అమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. గంపలోవి, డ్రమ్ములోవి అన్నీ గోతిలో పూడ్చేయమని మామయ్యకు కబురు పెట్టింది. ఒక్కటి కూడా మిగల్చవద్దంది. తర్వాత మైకత్త గట్టు మీదున్న చేపల్లోంచి కంటితో వెతికి, వేలితో నొక్కి, ఒకటి తీసి పైకెత్తింది. మైకత్త వంగి వాసన చూసి తలాడించింది. మందుల షాపాయన ఆ తల వంక చూసి సంచి తెరిచాడు.

నేను ఆ మధ్యాహ్నం గొట్టాలన్నీ విప్పాను. వంపులో గడ్డలు గీకేశాను. మా పరీక్షల దగ్గర బ్లీచింగులోని క్లోరిన్ విరగ్గొట్టడానికి ఒక ఉప్పు వాడతాం, మందుల షాపాయన కొట్లోనే దొరికింది. ఆ నీళ్ళతో ఒకసారి, ఏటి నీళ్ళతో చాలాసార్లు కడిగాను. ప్రతిసారి సీసాలోకి నీళ్ళు పట్టి, క్లోరిన్ ఉంటే రంగు తేల్చే చుక్కల మందు వేసి చూశాను. రంగు రాకుండా సీసా తెల్లగా ఉండేదాకా వదల్లేదు. అమ్మ పక్కనే కూర్చుని ఆ సీసాల వంకే చూసింది. "ఇది నాకు కూడా నేర్పవే," అంది. "రంగైతే నాకు కనిపిస్తుంది." నేర్పాను. నేను చదివిన చదువు అమ్మ చేతిలోకి వెళ్ళడం అదే మొదటిసారి. ఆవిడ చుక్కలు వేసి, సీసాను వెలుగుకు ఎత్తి పట్టుకుని చూసిన తీరు చూస్తే, నన్ను బడిలో చేర్పించిన రోజు ఎందుకో కళ్ళ ముందు మెదిలింది. చెప్పలేదు. చెప్తే ఏడుస్తుంది.

మర్నాడు మామయ్య రేవుకు దూరం నుంచే కూత వేశాడు. ఆ కూతలోనే సంగతి తెలిసిపోయింది. మూత తీయగానే చేప తోక కొట్టిన నీళ్ళు నా మొహం మీద పడ్డాయి. పండుగప్పలు డ్రమ్ము గోడ వెంబడి వాన కింద గుండ్రంగా తిరుగుతున్నాయి. మామయ్య వాటిని తనే కన్నట్టు చూసుకుంటున్నాడు. అమ్మ డ్రమ్ములో రెండు చేతులూ ముంచి ఊరికే అలా ఉంచింది. చేపలు ఆవిడ మణికట్టును రాసుకుంటూ పోయాయి.

"డిగ్రీ," అన్నాడు మామయ్య, "నీ చిల్లు పనిచేసిందే."

టబ్బులో వేసి గట్టు మీదకు తెచ్చాం. అమ్మ అన్నిటికంటే పెద్దదాన్ని రెండు చేతులా పట్టుకుని, నేరుగా మైకత్త టబ్బులోకి వదిలింది. మైకత్త అలవాటు కొద్దీ వంగి ముక్కు దగ్గరకు తెచ్చుకుంది. అది ఫెడీమని తోకతో చెంప మీద కొట్టింది. బజారు గొల్లుమంది.

"చూశావా, దానికి కూడా నీ నోరంటే భయం," అంది అమ్మ.

"నీ చేప కదా వదినా, నీ పొగరే వచ్చింది," అంది మైకత్త చెంప తుడుచుకుంటూ. కాని చేపను వదల్లేదు.

ట్యాంకుల బాబాయ్ కోసమని ఒక పెద్ద తలకాయ కోయించి అమ్మ ఆకులో చుట్టి పక్కన పెట్టింది. నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే వెనకనుంచి పిలిచింది.

"ఆ డ్రమ్ముకి మధ్యలో ఓ అడ్డు పలక పెట్టగలవా? రేపటి నుంచి సగం ఆవిడకి. మా చేపలు కలిసిపోతే నాదంటే నాదని రోజూ పోట్లాట."

"పెడతానమ్మా."

"నీళ్ళు మాత్రం రెండు పక్కలకీ అందాలి."

పలక నిండా బెజ్జాలు కొట్టాలి. చేప దూరకుండా, నీళ్ళు ఆగకుండా. ఎంతెంత బెజ్జాలైతే బాగుంటుందో బాబాయ్‌ను అడగాలనుకుంటూ బస్సెక్కాను.